కదిలే బండి మీదనుంచి జారిన వస్తువు ఎక్కడ పడుతుంది?



ఈవేళ నేను కొత్త వంగడాన్ని గురించిగాని, కొత్త తెగులును గురించిగాని చెప్పబోవటం లేదు. మన కోనసీమలో రోజూ కళ్ళముందు జరుగుతూ ఉన్నా మనం సరిగా గమనించని ఒక సంగతి చెప్పదలచాను. పోతూ ఉన్న ట్రాక్టరు మీదనుంచి బస్తా జారుతుంది. నడుస్తున్న పడవలోనుంచి చెరువులోకి మేత జల్లుతాము. గాలికి ఊగే చెట్టునుంచి కొబ్బరికాయ రాలుతుంది. వరదలో హెలికాప్టరునుంచి ఆహారం పొట్లం పడుతుంది. ఎగిరే డ్రోన్ నుంచి మందు తుంపర దిగుతుంది. చూడటానికి ఇవి అయిదు వేరు వేరు పనులు. కాని అయిదింటిలోనూ ఉన్న సూత్రం ఒక్కటే. అది తెలియకపోతే ఎరువు పక్కవారి చేలో పడుతుంది, మందు రొయ్యల చెరువులో పడుతుంది, మనిషి చక్రం కింద పడతాడు. కాబట్టి దీన్ని బడిపిల్లల పాఠంగా తోసివేయక కాస్త శ్రద్ధగా వినండి.

సూత్రం ఇది. ఏ వస్తువైనా తన్ను మోస్తున్నదాన్ని విడిచిన క్షణంలో, ఆ మోస్తున్నదానికి ఎంత వేగం ఉన్నదో అంత వేగాన్నీ, అది ఏ దిక్కుకు పోతున్నదో ఆ దిక్కునూ తనతో పట్టుకుపోతుంది. చెయ్యి వదిలినంత మాత్రాన ఆ వేగం చావదు. గాలిగాని, నేలగాని, నీరుగాని అడ్డుపడి దాన్ని తగ్గించేదాకా అది వస్తువులోనే ఉంటుంది.

"అదేంటండీ, బండిమీంచి పడ్డ కాయ ఎప్పుడూ వెనకే కదా ఉంటుంది?" అని మీరు అడగవచ్చు. నిజమే, చివరకు వెనకే కనిపిస్తుంది. ఏమంటే, కాయ నేలను తగిలి ఆగిపోయింది, బండి ఆగక పోతూనే ఉంది. అందువల్ల కాయ వెనకబడినట్టు అనిపిస్తుంది. కాని మీరు వదిలిన చోటు గట్టుమీద ఒక గీత గీసి గుర్తుపెట్టుకుంటే, కాయ ఆ గీతకు సరిగా ఎదురుగా పడదు, గీత దాటి ముందు పడుతుంది.

సఖినేటిపల్లినుంచి నరసాపురం పంటు దాటేటప్పుడు చిన్న పరీక్ష చేయండి. పంటు నిలకడగా పోతూ ఉండగా ఒక వక్కను మీ ముఖం ఎత్తునుంచి వదలండి. అది మీ కాలి దగ్గరే పడుతుంది. పంటు ముందుకు పోయింది గదా, వక్క వెనక్కి పడాలి గదా? పడదు. పంటు ఎంత ముందుకు పోయిందో, వక్కా అంతే పోయింది. పడవలో ముందుకు పోయేవాడికి గట్టుమీద కదలనివి వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయని సుమారు 1500 ఏళ్ళ క్రితమే ఆర్యభటుడు తన గ్రంథంలో చెప్పాడు. ఇటలీలో గెలీలియో 1632 లో అచ్చయిన పుస్తకంలో, పోతూ ఉన్న ఓడ తెరచాప కొయ్య పైనుంచి వదిలిన రాయి ఆ కొయ్య మొదట్లోనే పడుతుందని వాదించాడు. 1640 లో గసెండీ అనే పండితుడు ఫ్రాన్సులోని మార్సెయి రేవులో తెడ్ల ఓడను వేగంగా నడిపించి, రాయి వదిలించి, అది నిజమేనని నలుగురికీ చూపించాడు. ఆ పరీక్షనే మీరు పంటులో వక్కతో చేయవచ్చును.

ఇక లెక్క చూద్దాం. మన కొలతల్లోనే చెబుతాను. ఊరికే వదిలిన బరువైన వస్తువు అరసెకనులో 4 అడుగులు, ఒక సెకనులో 16 అడుగులు, ఒకటిన్నర సెకనులో 36 అడుగులు, రెండు సెకన్లలో 64 అడుగులు కిందికి దిగుతుంది. అది కింద పడే కాలానికీ, ముందుకు పోయే వేగానికీ సంబంధం లేదు. రెండు పనులూ ఒకేసారి, దేని దారిన అది జరుగుతాయి. ఇప్పుడు గంటకు 18 కిలోమీటర్ల వేగాన ట్రాక్టరు పోతూ ఉందనుకోండి. అంటే సెకనుకు సుమారు 16 అడుగులు. ట్రాలీమీద 4 అడుగుల ఎత్తునుంచి బస్తా జారింది. అది నేలకు చేరటానికి అరసెకను పట్టింది. ఆ అరసెకనులోనూ 8 అడుగులు ముందుకు పోయింది. అక్కడితో ఆగుతుందా? ఆగదు. సెకనుకు 16 అడుగుల వేగం ఇంకా దానిలోనే ఉంది. దొర్లుతుంది, ఈడ్చుకుపోతుంది, కుట్టు తెగి గింజలు జల్లుతుంది. 75 కిలోల ధాన్యం బస్తా అలా దొర్లి వచ్చి గట్టుమీద నిలబడ్డవాని కాళ్ళకు తగిలితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

అందుచేత మొదటి హెచ్చరిక. ట్రాలీ పోతూ ఉండగా బస్తాలుగాని, కాయలుగాని కిందికి విసరవద్దు. ఎదురుగా నేరుగా పక్కకు విసిరామని మీరు అనుకుంటారు. కాని కాయ మీ చేతి వేగాన్నీ, బండి వేగాన్నీ రెంటినీ కలుపుకొని మూలగా ముందుకు పోతుంది. మీరు సెకనుకు 16 అడుగుల వేగాన పక్కకు విసిరితే, బండి కూడా అంతే వేగాన పోతూ ఉంటే, కాయ సరిగా మూలకు, సెకనుకు 22 అడుగులకు పైగా వేగంతో పోతుంది. మీరు గురిపెట్టిన రాశి దగ్గర పడదు, రాశికి అవతల నిలబడ్డ మనిషికి తగులుతుంది. బండి ఆపి, అప్పుడు దింపండి.

రెండవ హెచ్చరిక ఇంతకన్న ముఖ్యం. బస్తాకు ఏ సూత్రమో మనిషికీ అదే సూత్రం. కోతల రోజుల్లో, దింపుల రోజుల్లో కూలీలు ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్యనున్న లంకె ఇనుముమీద కూర్చుని వస్తూ ఉంటారు. పిల్లలు మడ్‌గార్డుమీద ఎక్కుతారు. "నెమ్మదిగానే పోతున్నాం గదా, పడితే పక్కకు పడతాం" అనుకుంటారు. ఇది చాలా ప్రమాదకరమైన భ్రమ. లంకె ఇనుముమీదనుంచి జారినవాడు బండి వేగంతోనే పోతూ పడతాడు. అంటే పడుతున్నంతసేపూ అతను ట్రాలీ చక్రానికి ముందే ఉంటాడు గాని పక్కకు తప్పుకోడు. నేల తగలగానే నేల అతన్ని ఆపుతుంది. చక్రాన్ని ఎవరూ ఆపరు. చక్రం 8 అడుగుల వెనక ఉంటే, గంటకు 18 కిలోమీటర్ల వేగానికి అది అరసెకనులో వచ్చి మీద పడుతుంది. కేక విని, సంగతి గ్రహించి, కాలు బ్రేకుమీద వెయ్యటానికే డ్రైవరుకు సుమారు ఒక సెకను పడుతుంది. కాబట్టి ఎంత నేర్పరి డ్రైవరైనా ఆ మనిషిని కాపాడలేడు. కాపాడవలసింది ముందుగానే, అక్కడ కూర్చోనివ్వకుండా. ట్రాక్టరు గలవారు ఈ ఒక్క విషయంలో మొహమాటపడవద్దని నా మనవి. బంధువైనా సరే, పసివాడు ఏడ్చినా సరే, దిగిన తరువాతే బండి కదపండి.

కదులుతున్న బండినుంచి దిగటం కూడా అంతే. కాళ్ళు నేలకు తగిలి ఆగుతాయి, పై ఒళ్ళు బండి వేగంతో ముందుకు పోతుంది, మనిషి ముందుకు బోర్లా పడతాడు. ఆ దెబ్బ ఎంతటిదో ఎత్తులో చెబితే సులువుగా తెలుస్తుంది. గంటకు 18 కిలోమీటర్ల వేగంలో ఉన్న దెబ్బ 4 అడుగుల ఎత్తునుంచి పడ్డంత. వేగం రెట్టింపయి 36 కిలోమీటర్లయితే 8 అడుగులు కాదు, 16 అడుగుల ఎత్తునుంచి పడ్డంత. 54 కిలోమీటర్లయితే 36 అడుగులు. అంటే ఒక కొబ్బరిచెట్టుమీదనుంచి పడ్డంత. చెట్టుమీదనుంచి దూకమంటే ఎవరూ దూకరు. లారీమీదనుంచి మాత్రం దూకుతున్నాము.

ఇప్పుడు పడవ సంగతి. లంకల్లో పొలాలున్నవారు పడవ రేవుకు చేరకముందే గట్టుమీదికి దూకుతారు. పెద్ద పంటుమీదనుంచి దూకటం వేరు, చిన్న నాటు పడవనుంచి దూకటం వేరు. మీరు ముందుకు దూకేటప్పుడు కాళ్ళతో పడవను వెనక్కి తంతారు. పడవ తేలికైనకొద్దీ ఎక్కువ వెనక్కి పోతుంది, ఆ మేరకు మీకు దక్కే వేగం తగ్గుతుంది. 60 కిలోల మనిషి 120 కిలోల పడవనుంచి దూకితే, పడవనుబట్టి చూసిన తన వేగంలో మూడింట రెండు వంతులే గట్టువైపు నిలుస్తుంది. మూడు గజాలు దూకుతానని నమ్మినవాడు రెండు గజాల దగ్గర నీళ్ళలో దిగబడతాడు. తాడు కట్టిన తరువాత దిగండి. ఆ ఒక్క నిమిషం ఆలస్యంవల్ల పంటకేమీ నష్టం రాదు.

చేపల, రొయ్యల చెరువుల్లో పడవ నడుపుతూ మేత జల్లేవారు కూడా ఇది గుర్తుంచుకోవాలి. పడవ పోయే దిక్కుకు జల్లిన మేత చేతివేగం, పడవవేగం కలిసి ఎక్కువ దూరం పోతుంది. వెనక్కి జల్లిన మేత పడవవేగం తీసివేతవల్ల దగ్గరే పడుతుంది. ఒకే చేతిబలంతో రెండు వైపులా జల్లి "సమంగా జల్లాము" అనుకుంటే పొరపాటు. పడవను ఒకే నడకన నడుపుతూ పక్కలకు జల్లటం మేలు.

కొబ్బరి తోటకు వద్దాం. చెట్టు కూడా ఒక మోసే బండే అంటే మీరు నవ్వవచ్చు. గాలిలేని రోజున తొడిమ వీడిన కాయ నిట్టనిలువునా పడుతుంది. గాలి వీచే రోజున మొవ్వు ఊగుతూ ఉంటుంది. ఊపు చివర, అంటే చెట్టు ఒక పక్కకు పూర్తిగా వంగి తిరుగుముఖం పట్టే చోట, దాని వేగం సున్న. ఊపు నడుమ దాని వేగం అన్నిటికన్న ఎక్కువ. కాయ ఊపు నడుమ వీడితే ఆ వేగాన్ని పట్టుకుని పక్కకు పోతుంది. మొవ్వు సెకనుకు 5 అడుగుల వేగాన కదులుతూ ఉండగా 64 అడుగుల ఎత్తునుంచి కాయ వీడితే, నేల చేరేసరికి 10 అడుగులు పక్కకు పోతుంది. కింద తగిలేటప్పటి వేగం గంటకు సుమారు 70 కిలోమీటర్లు. కాబట్టి గాలి రోజున చెట్టు మొదలుకు నాలుగడుగులు ఎడంగా నిలబడి క్షేమంగా ఉన్నామనుకోకండి. దింపు జరిగేటప్పుడు కాయలు ఏరేవారిని, ముఖ్యంగా ఆడవాళ్ళనూ పిల్లలనూ, చెట్టు ఎత్తులో కనీసం సగం దూరాన ఉంచండి. ఒక చెట్టు దింపు పూర్తయి, దింపువాడు కేకవేసిన తరువాతే ఏరటానికి రానివ్వండి. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ తోటలను ఏం చేసిందో పెద్దవారు మరచిపోలేదు. అటువంటి గాలిలో కాయలూ, మట్టలూ కింద పడవు, విసిరినట్టు వస్తాయి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు చెట్లకింద పశువులను కట్టవద్దని చెప్పటానికి కారణాల్లో ఇదొకటి.

తుపాను తరువాత వరద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద గోదావరి సుమారు 35 లక్షల క్యూసెక్కులతో వచ్చింది. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటింది, లంక గ్రామాలు మళ్ళీ నీళ్ళలో నిలిచాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో హెలికాప్టర్లతోనూ, డ్రోన్లతోనూ కూడా ఆహారం అందించారు. అటువంటి సమయంలో పొట్లం ఎక్కడ పడుతుందో తెలిసి ఉండటం మంచిది. హెలికాప్టరు 144 అడుగుల ఎత్తున, గంటకు 72 కిలోమీటర్ల వేగాన పోతూ పొట్లం వదిలిందనుకోండి. నేల చేరటానికి 3 సెకన్లు. ఆ 3 సెకన్లలో పొట్లం 195 అడుగులు ముందుకు పోతుంది. గాలి అడ్డువల్ల ఇది కొంత తగ్గుతుంది, పొట్లం తేలికైనకొద్దీ ఇంకా తగ్గుతుంది. అయినా వదిలిన చోటికి తిన్నగా కిందమాత్రం పడదు. హెలికాప్టరు ఒకచోట నిలిచి ఉండి వదిలితే దాదాపు నిలువుగా పడుతుంది. ఇక అది పైకి లేస్తూ వదిలితే, పొట్లం కూడా ముందు కొంచెం పైకి లేచి అప్పుడు దిగుతుంది.

గాలి అడ్డు లెక్కలోకి తీసుకోకపోతే 144 అడుగులనుంచి పడ్డ పొట్లం గంటకు 105 కిలోమీటర్ల వేగాన తగులుతుంది. ఆకలిమీద ఉన్న మనిషి చేతులు చాచి పరుగెత్తటం సహజం. కాని ఆ పొట్లాన్ని చేతులతో పట్టుకోకూడదు. ఊరిలో మెరక ఖాళీ జాగా ఒకటి ముందే ఎంచుకోండి. తెల్లని లేదా ఎర్రని గుడ్డ పరచి, అంచులకు బరువులు పెట్టి, అందరూ ఒక పక్కకు తప్పుకుని నిలబడండి. హెలికాప్టరు వచ్చే దారికి ఎదురుగా, ముందువైపున ఎవరూ ఉండవద్దు. పొట్లాలన్నీ పడ్డ తరువాత పెద్దలు ఇద్దరు ముగ్గురు వెళ్ళి ఏరి పంచండి. రెక్కల గాలికి రేకులు లేచిపోతాయి కనుక పసివాళ్ళను గట్టి కప్పు కింద ఉంచండి.

చివరగా డ్రోన్ల సంగతి. ఇది కొత్త పనిముట్టు కనుక కాస్త వివరంగా చెబుతాను. 2021 లో కేంద్ర ప్రభుత్వం డ్రోన్ల నిబంధనలు తెచ్చింది. అదే సంవత్సరం డిసెంబరులో పంటలమీద మందు చల్లటానికి పాటించవలసిన పద్ధతులు ప్రకటించింది. శిక్షణ పొంది ధ్రువపత్రం ఉన్నవారిచేతనే డ్రోన్ నడిపించాలి. అయితే నడిపేవాడు ఎవరైనా, పొలం మీది, పక్కనున్న చెరువు ఇంకొకరిది.

డ్రోన్ గంటకు 18 కిలోమీటర్ల వేగాన పోతూ ఉంటే, దానినుంచి వెలువడే ప్రతిదీ సెకనుకు 16 అడుగుల వేగంతోనే బయలుదేరుతుంది. యూరియా గింజ అయినా అంతే, మందు తుంపర అయినా అంతే. తేడా ఆ తరువాత వస్తుంది. యూరియా గింజకు బరువుంది. 9 అడుగుల ఎత్తునుంచి దిగటానికి దానికి ముప్పాతిక సెకను పడుతుంది. ఈలోగా పది పన్నెండు అడుగులు ముందుకు పోతుంది. అందువల్ల గట్టుదాకా వచ్చి మూత మూస్తే ఎరువు గట్టుదాటి కాలవలోనో, పక్క చేలోనో పడుతుంది. గట్టుకు పన్నెండు అడుగుల ముందే మూయాలి. అలాగే చేలోకి ప్రవేశించేటప్పుడు గట్టు దగ్గరే తెరిస్తే మొదటి పన్నెండు అడుగులకు ఎరువు అందదు. ఆ అంచు పసుపుపచ్చగా కనబడితే తెగులనుకొని మందు కొట్టకండి.

తుంపర కథ వేరు. మిల్లీమీటరులో పదోవంతు ఉన్న సన్నటి తుంపర డ్రోన్ ఇచ్చిన వేగాన్ని జానెడు దూరంలోనే గాలికి ధారపోస్తుంది. ఆ తరువాత దానికి యజమాని గాలి. కిందికి దిగే వేగం సెకనుకు ఒక అడుగు కన్న తక్కువ. రెక్కల గాలి కిందికి అదిమినంతవరకు బాగానే ఉంటుంది. దాని పట్టు తప్పిన తుంపర 8 అడుగుల ఎత్తునుంచి దిగటానికి 8, 10 సెకన్లు తీసుకుంటుంది. గంటకు 11 కిలోమీటర్ల గాలి ఉంటే ఈలోగా 80 నుంచి 100 అడుగులు కొట్టుకుపోతుంది. అదే మిల్లీమీటరులో మూడు పదోవంతులున్న పెద్ద తుంపరయితే 20 అడుగుల చుట్టుపక్కలే దిగుతుంది. రొయ్య, పీత జాతులకు కీటకనాశక మందులు అతి కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం. వరిచేను గట్టునానుకొనే రొయ్యల చెరువులున్న మన ప్రాంతంలో, ఒక రైతు సాయంత్రం చేసిన పిచికారీ ఇంకొక రైతు పెట్టుబడినంతా తుడిచిపెట్టగలదు. తరువాత పంచాయతీ పెట్టి ప్రయోజనం ఉండదు. గాలి చెరువువైపు వీస్తూ ఉంటే ఆ రోజు పని మానండి. పెద్ద తుంపర ఇచ్చే నాజిల్ వాడండి. చెరువు పక్కన కొన్ని సాళ్ళు వదిలి, అక్కడ చేతిపంపుతో కిందికి కొట్టండి. ముందురోజే చెరువు రైతుకు కబురు చెప్పండి.

ఇంకొక మాట. మలుపు దగ్గర డ్రోన్ వేగం తగ్గుతుంది. వేగాన్నిబట్టి ధార తగ్గించుకునే ఏర్పాటు లేకపోతే, వేగం సగమైనచోట మందు రెట్టింపు పడుతుంది. కనుక మలుపుల్లో ధార ఆపించండి.

విస్తరణ సిబ్బందికి ఒక సూచన. ఈ సంగతి మాటలకన్న చూపిస్తే బాగా పడుతుంది. రోడ్డుమీద సున్నంతో గీత గీయండి. తడి ఇసుక నింపిన చిన్న సంచి ఒకటి, గుప్పెడు ఊక ఒకటి సిద్ధం చేసుకోండి. ఒక కుర్రవాణ్ణి సైకిలుమీద గంటకు 12 కిలోమీటర్ల వేగాన రమ్మని, గీత దగ్గర నాలుగడుగుల ఎత్తునుంచి సంచిని విసరకుండా ఊరికే వదలమనండి. అది గీతకు అయిదారు అడుగులు ముందు పడుతుంది. రెండోసారి ఊక వదలమనండి. అది ముందుకు పోక, గాలి ఎటు ఉంటే అటు పోతుంది. ఎరువుగింజకూ మందుతుంపరకూ ఉన్న తేడా రైతుకు అయిదు నిమిషాల్లో విశదమవుతుంది.

సోదరులారా, చెప్పినదంతా నాలుగు ముక్కల్లో గుర్తుంచుకోండి. ఒకటి, వదిలిన వస్తువు మోసినదాని వేగాన్ని తీసుకుపోతుంది. రెండు, బరువైనది ఆ వేగాన్ని నిలుపుకుంటుంది, తేలికైనది గాలి వశమవుతుంది. మూడు, వేగం రెట్టింపయితే దెబ్బ నాలుగింతలు. నాలుగు, లంకె ఇనుముమీద మనిషి కూర్చుని ఉండగా ట్రాక్టరు కదపకూడదు. మొదటి మూడూ మరచిపోయినా నాలుగోది మాత్రం మరవకండి. రేపు ఉదయం బండి తీసేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి.